సేటు రెప్పలకు పాలసీ

నాగేశ్వర్ రావు సేటుకు అందం మీద మనసైందట. ఆ మాట ఆయన అనలేదు, ఆయన భార్య మంగమ్మ అనలేదు. ఎక్కడో హైదరాబాదులో కూర్చుని ఇన్సూరెన్సు కంపెనీ అన్నది. అదైనా నోటితో కాదు, ఫోనుకు మెసేజీ పంపి అన్నది. మీరు చేయించుకోదలచిన కనురెప్పల ప్లాస్టిక్ సర్జరీ సౌందర్యం కోసం చేసేది కనుక పాలసీలో రాదు, ధన్యవాదాలు.

ఆ మెసేజీని సూర్యాపేట మార్కెట్ యార్డులో, సేటు కమిషన్ దుకాణం ముందు నిలబడి చదివింది రజిత. పాలసీ అమ్మింది తనే. రోజూ పొద్దున్నే చివ్వెంల నుంచి స్కూటీ మీద వచ్చి, యార్డులో దుకాణం దుకాణం తిరిగి హెల్త్ పాలసీలు అమ్మడం ఆమె పని. హెల్మెట్ తీయకుండానే మెసేజీ మళ్లీ చదివింది. ఇంకోసారి చదివితే మారుతుందేమోనన్న ఆశ మాత్రం ఆమెకు లేదు, ఈ పనిలో చేరి చాలా ఏళ్లయింది.

సేటు రెప్పల సంగతి యార్డులో తెలియనివారు లేరు. పైరెప్పల చర్మం వదులై, జారి, నల్లగుడ్డును సగానికి పైగా కప్పేసింది. దుకాణం షట్టరు సగం దించి పెట్టినట్టుంటుంది. ధాన్యం రాశి దగ్గర వేలం పాట నడుస్తుంటే ఆయన కునుకు తీస్తున్నాడని కొత్తవాళ్లు అనుకుంటారు, అనుకుని మోసపోతారు. కానీ నుదుటి మీద బొప్పి లేకుండా ఆయనకు ఒక్క వారం గడవదు. కాటా గొలుసు, లారీ వెనక తలుపు, ఆఖరికి సొంత ఇంటి గుమ్మం, తలకు తగిలే ఎత్తులో ఉన్న ప్రతి వస్తువూ ఆయన కోసమే కాచుకుని ఉన్నట్టుంటుంది. పోయిన నెల బండి మీద వస్తూ ట్రాలీ నుంచి బయటికి పొడుచుకొచ్చిన వాసాన్ని చూసుకోలేదు. హెల్మెట్ పగిలింది, తల మిగిలింది. అప్పుడే మంగమ్మ బండి తాళం తీసి దాచేసింది. కోదాడలో కంటి డాక్టరు నందినికి చూపిస్తే, రెప్పల మీది చర్మం తీసి కుట్టాలి, ఆలస్యం చేయొద్దన్నది.

రజిత లోపలికి వెళ్లేసరికి సేటు గద్దె మీద కూర్చుని అరచేతిలో వడ్లు నలుపుతున్నాడు. పక్కనే హమాలీ పెద్దులు బస్తా దించుతున్నాడు.

"ఏమన్నరు బిడ్డా కంపెనోళ్లు?" అన్నాడు సేటు.

"రాదన్నరు సేటు."

"ఎందుకు రాదు? ఏటా టయానికి కడ్తలేనా?"

రజిత పెద్దులు వైపు ఓరగా చూసింది. పెద్దులు కదిలేటట్టు లేడు. "గది అందం కోసం చేయించుకునే ఆపరేషనట. గసోంటియి పాలసీల రావట."

పెద్దులు బస్తా కింద పడేసి దాని మీదే కూర్చుని నవ్వాడు. సేటు కోపంగా లేచాడు, లేచి కాటా గొలుసుకు నుదురు కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకు పక్క దుకాణం వాళ్లు కూడా వచ్చారు. ఇక ఆ కబురు ఆగుతుందా? మధ్యాహ్నానికి యార్డంతా పాకింది. టీ కొట్టు దగ్గర ఒకాయన "షూటింగు ఎన్నడు సేటు?" అన్నాడు. ఇంకొకాయన, సేటు కన్నా పదేళ్లు పెద్దవాడు, పక్కకు పిలిచి "ముడతలకు గూడ చేస్తరా?" అని నిజంగానే అడిగాడు.

నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు గానీ రజితకు నవ్వు రాలేదు. మంగమ్మ తమ్ముడు వంశీధర్‌కు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. అక్కడి మిల్లుల వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఆమెతో మాట్లాడిస్తానని మాట ఇచ్చాడు. ఇచ్చిన మాటకు ఒక ముడి కూడా వేశాడు. "బావ క్లెయిమ్ పాసైన నాడు ఫోన్ చెయ్యి రజితమ్మా. కాకపోతె మాత్రం ఇటు రాకు, నా మొఖం పోతది." ఇప్పుడు సేటు క్లెయిమ్ పోతే మిర్యాలగూడ పోతుంది. ఈ యార్డులో ఆమె మాట కూడా పోతుంది. అందం కోసమంటూ డబ్బు ఎగ్గొట్టే కంపెనీ పాలసీ అమ్మిందని రేపటి నుంచి ప్రతి దుకాణంలోనూ అంటారు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు పొయ్యి మీది గంజి ఒలికి రజిత నుదురు కాలింది. ఎడమ కనుబొమ్మ మీది నుంచి జుట్టు దాకా చర్మం ముడుచుకుపోయి, రంగు మారి ఉంటుంది. ఆమె ఏ దుకాణం మెట్టెక్కినా ముందు ఎదుటివాళ్ల చూపు ఆ మచ్చ మీదికి పోతుంది, వెంటనే అక్కడి నుంచి జారి గోడ మీది క్యాలెండరు మీద పడుతుంది. ఆ తర్వాతే మాటలు మొదలవుతాయి. ఒక్క నాగేశ్వర్ రావు సేటు దగ్గర మాత్రం అలా జరగలేదు. మొదటి రోజు నుంచీ ఆయన చూపు నుదుటి మీదికి వెళ్లనే లేదు. "చెప్పు బిడ్డా, ఏందో నీ పాలసీ" అన్నాడంతే. మార్కెట్టు మొత్తానికి ఒక్క పెద్దమనిషి ఉన్నాడని రజిత ఆ రోజే నిర్ణయించుకుంది. అలాంటి మనిషిని పట్టుకుని అందం కోసమంటారా అని ఆమెకు కంపెనీ మీద ఒళ్లు మండింది.

*

కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించి, వినిపించి, చివరికి ఒకబ్బాయి మాట్లాడాడు.

"మేడమ్, పేషెంట్‌కు అన్ని వైపులా చూపు బాగుందని టెస్టు రిపోర్టులోనే ఉంది. అన్నీ కనిపిస్తున్నప్పుడు రెప్పలు ఎత్తించుకోవడం అందం కోసమే కదా మేడమ్."

"సర్, ఆయనకు అందం మీద ధ్యాసే ఉంటే ఆయన ఏస్కునే చొక్కాలు ఏస్కోడు సర్."

"అది రిపోర్టులో లేదు మేడమ్."

రజిత ఫోన్ పెట్టేసి ఆలోచనలో పడింది. చూపు బాగుండటమేమిటి? పొద్దునే కదా గొలుసుకు గుద్దుకున్నాడు? సాయంత్రం యార్డు ఖాళీ అయ్యాక మళ్లీ సేటు దగ్గరికి వెళ్లింది. మంగమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చి ఉంది.

"సేటు, కోదాడల ఒక మిషన్ల తలకాయ పెట్టిపిచ్చి లైట్లు సూపెట్టిండ్రు గద. అండ్ల ఏం జేసిండ్రు మీరు?"

సేటు ముఖం వెలిగింది. ఆ టెస్టు సంగతి చెప్పాలని ఆయనకు ఎప్పటినుంచో ఉన్నట్టుంది. "తెల్ల గిన్నె లోపట మొఖం పెట్టుమన్నరు. సుట్టుపక్కల సిన్న సిన్న లైట్లు ఎలుగుతయి, కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలె. ఒక్కటి పోనియ్యలే బిడ్డా. అన్ని పట్టిన."

"ఎట్ల పట్టిండ్రు?"

"గడ్డం గా పీట మీదికెళ్లి జర లేపిన. కనుబొమ్మలు మీదికి ఎత్తిపట్టిన, నరాలు తెగేటట్టు. అయినా కొన్ని దొర్కలే. అయితే లైటు ఎలిగే ముంగట మిషన్ల టిక్కుమని సప్పుడైతది. నేను పాటల కూసునేటోణ్ని, నాకు చెవులు లేవా? టిక్కన్నప్పుడల్లా నొక్కిన."

మంగమ్మ డబ్బా మూత తీయబోయి ఆగింది. "కనపడకున్నా నొక్కిండ్రా?"

"మరి గా పోరి ముంగట ఓడిపొమ్మంటవా?" అన్నాడు సేటు. టెస్టు చేసే ఊర్మిళకు పాతికేళ్లుంటాయి. "సూర్యాపేట సేటుకు సగం లైట్లు కనపడలేదంట అని కోదాడంత చెప్పుకోరా?"

మంగమ్మ నుదురు కొట్టుకుంది. "సూసినవా రజితా, మీ సేటు తెలివి. ఆపరేషన్ కావాలంటడు, కండ్లు మంచిగున్నయంటడు." భర్త మంచి పని చేసినప్పుడు ఆమెకు 'మా ఆయన', లేనప్పుడు 'మీ సేటు'.

రజితకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి ముందూ లోటు బయటపెట్టకపోవడం ఆయన వ్యాపారం. సరుకు కావాలని ముఖంలో కనిపిస్తే ధర పెరుగుతుంది, అమ్మాలని కనిపిస్తే తగ్గుతుంది. అలా ఇన్నేళ్లు బతికిన మనిషిని మిషన్ ముందు కూర్చోబెట్టి నీకేం కనపడదో చెప్పమంటే చెబుతాడా? ఆమె డాక్టరు నందినికి ఫోన్ చేసి, బతిమాలి, మళ్లీ టెస్టు చేయడానికి ఒప్పించింది.

*

మర్నాడు ముగ్గురూ కోదాడ బస్సెక్కారు. రజితా మంగమ్మా ఆధార్ చూపించి ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నారు. సేటు ఒక్కడే డబ్బులిచ్చి కొన్నాడు. కొని, మునగాల దాకా దాని మీదే సణిగాడు.

ఆయన సణుగుడు ఆగగానే రజిత వెనక సీటు నుంచి ముందుకు వంగింది. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. కనపడకపోతే నొక్కొద్దని ఊరికే చెబితే ఆయనకు ఎక్కదు. ఆయనకు ఎక్కే భాషలోనే చెప్పాలి.

"సేటు, గది టెస్టు అనుకోకుండ్రి. బేరం అనుకోండ్రి. మీరు బటన్ నొక్కినప్పుడల్లా కంపెనీకి లాభం. మీకు కనపడ్డదన్న ఒక్కో లైటు వాళ్లకు ఫాయిదా."

సేటు వేళ్ల మీద ఏదో లెక్క వేశాడు. కిటికీలోంచి పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. "ముందుగాల గీ మాట ఎందుకు చెప్పలే నువ్వు?" అన్నాడు చివరికి. గొంతులో పట్టుదల వినిపించింది. రజిత తన తెలివికి తనే మురిసిపోతూ వెనక్కి వాలింది.

ఆసుపత్రిలో ఊర్మిళ ఈసారి జాగ్రత్త పడింది. గడ్డం పీట మీద ఆనించి తల చుట్టూ పట్టీ బిగించింది. ఒక కన్ను మూసి, చేతిలో బటన్ పెట్టి, గది చీకటి చేసింది. రజితా మంగమ్మా బయట బెంచీ మీద కూర్చున్నారు. లోపలి నుంచి మిషన్ టిక్కుమనడం వినిపిస్తోంది. బటన్ చప్పుడు మాత్రం లేదు. ఒక కన్ను అయింది, రెండో కన్ను కూడా అయింది. రజిత మురిపెం కొంచెం కొంచెం దిగడం మొదలైంది.

డాక్టరు నందిని రిపోర్టు చేతిలో పట్టుకుని లోపలికి పిలిచింది. ఆమెది నందిగామ వైపు. మాట మెత్తగా ఉంటుంది, అందుకే తిట్టినా కాసేపటికి గానీ తెలియదు.

"నాగేశ్వర్ రావు గారూ, ఈ కాయితం ప్రకారం మీకు పూర్తిగా చూపు లేదండి. రెండు కళ్లూ పోయాయి. మరి ఈ గదిలోకి ఎలా వచ్చారు? కుర్చీ ఎలా దొరికిందండి మీకు?"

బేరం గట్టిగానే నడిపానన్న తృప్తి సేటు పెదాల మీద ఇంకా ఉంది.

"మొదటిసారి అన్నీ కనిపించాయన్నారు. ఇప్పుడు ఒక్కటీ కనిపించలేదంటున్నారు. ఇది గనక పంపితే కంపెనీ వాళ్లు మీ క్లెయిమే కాదు, పాలసీయే తీసేస్తారు. నన్ను కూడా అడుగుతారు. ఎవరండీ మీకు ఇలా చెప్పింది?"

మంగమ్మ రజితను చూసింది. రజిత నేలను చూసింది. బేరం అనడం తన తప్పే. లేని రోగం నటించమని ఆమె అనలేదు, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటే చాలనుకుంది. కానీ ఉన్నదెంతో, లేనిదెంతో ఆ మనిషికి తెలియాలి కదా. ఇక మిర్యాలగూడ ఆశ వదులుకోవాల్సిందేనని ఆమెకు అర్థమైంది.

డాక్టరు నందిని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సరే, టేపు పెట్టి చూద్దాం. రెప్పలు పైకి ఎత్తి అంటిస్తాను. అలా ఒకసారి, టేపు తీసేసి ఒకసారి, రెండూ చేసి తేడా పంపిద్దాం. ఎలాగూ ఆ తేడానే అడుగుతారు వాళ్లు. ఈసారైనా కుదురుగా చేస్తారా?"

ఊర్మిళ సన్నటి తెల్ల టేపు కత్తిరించి ఇచ్చింది. డాక్టరు వేలితో కుడి రెప్పను పైకి తోసి, కనుబొమ్మ కింద చర్మం మడిచి అతికించింది. తర్వాత ఎడమ రెప్ప. "ఆ, ఇప్పుడు చూడండి" అని పక్కకు తప్పుకుంది.

సేటు కళ్లు తెరిచాడు. గడ్డం ఎత్తలేదు, కనుబొమ్మలు ఎగరేయలేదు. ఊరికే కూర్చునే చూశాడు. ముందు పైకి చూశాడు. "గీడ గింత ఎలుగున్నదా?" అన్నాడు. గొంతు ఆయనది కానట్టుంది. తిరుగుతున్న ఫ్యానును కొంతసేపు చూశాడు. తర్వాత పక్కకు తిరిగి మంగమ్మను చూశాడు.

"ఏమే, నీ తలంత ఎప్పుడు నెరిసింది?"

"కరోనా అప్పటిసంది గిట్లనే ఉన్నది" అన్నది మంగమ్మ. "రంగు ఎయ్యాల్నా అని అడిగిన గద. మీరు మంచిగనే ఉన్నది అంటిరి."

సేటు తల ఊపాడు. చెయ్యి చాచి ఆమె పాపిట దగ్గరి వెంట్రుకలను వేలితో తాకి చూశాడు. డాక్టరు ముందు ఇదేం పని అన్నట్టు మంగమ్మ తల వెనక్కి తీసుకుంది గానీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఆయన రజిత వైపు తిరిగాడు.

ఆయన చూపు ఆమె గడ్డం మీది నుంచి ముక్కు మీదికి, కళ్ల మీదికి, ఇంకా పైకి పోయింది. అక్కడ ఆగిపోయింది.

"నీ నుదుటి మీద గదేంది బిడ్డా?"

ఊర్మిళ టేపు చుట్టను సర్దుకుంది.

"గంజి పడ్డది సేటు. చిన్నప్పుడు" అన్నది రజిత.

"మొన్నటిసంది ఉన్నదా?"

"మొదటిసంది ఉన్నది."

అంటే ఆయన చూసీ చూడనట్టు ఉండటం కాదు, అసలు చూడనే లేదు. ఆమె ఇన్నాళ్లూ దాచుకున్న ఆ మర్యాద, ఆ పెద్దమనిషితనం, అంతా ఆయన రెప్పల మీద జారిన రెండు వేళ్ల వెడల్పు చర్మం. ఎదుటివాళ్ల కళ్ల దగ్గరే ఆయన చూపుకు షట్టరు పడిపోయింది, అంతే. రజితకు ఉక్రోషం వచ్చింది. దాని వెనకే ఆపుకోలేనంత నవ్వు కూడా వచ్చింది. ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే తనే నవ్వులపాలవుతుంది. టెస్టు మొదలుపెట్టమని ఊర్మిళకు చెప్పి బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

కాసేపటికి మంగమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నేను మొదటి రోజే అడుగుదామనుకున్న" అన్నది ఆమె, గోడను చూస్తూ. "మా ఆయన ఏమి అనకపాయె. ఆయనకు లేని పట్టింపు నాకెందుకని నేను గూడ ఊకున్న. ఆయనకు అసలు కనపడనే లేదని ఎవలకు తెలుసు?"

రజిత ఈసారి నవ్వేసింది. మంగమ్మ కూడా నవ్వింది. లోపల మిషన్ టిక్కుమంటోంది, కొన్ని టిక్కుల తర్వాత బటన్ చప్పుడవుతోంది. టేపు తీసి చేసినప్పుడు చాలా టిక్కులు చప్పుడు లేకుండా పోయాయి. ఆ మధ్యలో సేటు గొంతు ఒకసారి వినిపించింది. "గిది పోయింది బిడ్డా. ఎలిగే ఉంటది, నాకు కనపడలే." జీవితంలో ఆయన అలాంటి మాట అనడం మంగమ్మ ఎప్పుడూ వినలేదట.

డాక్టరు నందిని ఈసారి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించింది. టేపు ఉన్న కాగితంలో పైభాగం తెల్లగా ఉంది. టేపు లేని దానిలో పై సగమంతా నలుపు. సేటు ఆ నలుపు మీద అరచెయ్యి పెట్టి, "గిదంత నాకు లేదా గిన్నేండ్లు?" అన్నాడు. తర్వాత టేపు ఊడదీయబోతే ఒప్పుకోలేదు. కోదాడ బస్టాండులోనూ బస్సులోనూ జనం తిరిగి తిరిగి చూస్తుంటే, ఆయన టేపు అంటించిన కళ్లు ఇంత పెద్దవి చేసుకుని అన్ని దుకాణాల బోర్డులూ పైకి చదువుకుంటూ సూర్యాపేట చేరాడు.

*

కాగితాలు, ఫోటోలు, డాక్టరు ఉత్తరం అన్నీ రజితే పంపింది. పంపాలా వద్దా అని ఒక పూట ఊగిసలాడిన మాట నిజం. ఆమెకు ఎవరి మీద కోపమో తెలియలేదు. ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు, చేశాడనుకున్న మంచి కూడా లేదు. ఆఖరికి, వాసం తలకు తగిలిన మనిషికి ఆపరేషన్ కావాలి, దానికి మంచితనంతో పనేముంది అనుకుని పంపేసింది. కంపెనీ అబ్బాయితో మళ్లీ మాట్లాడింది, వాడి పైవాడితో మాట్లాడింది, అందం అన్న మాట ఎవరు ఎత్తినా ఆ నల్ల సగం చూడమన్నది. వారం తిరిగేసరికి మెసేజీ వచ్చింది. చికిత్స అవసరమైనదే, ఒప్పుకున్నాం, ధన్యవాదాలు.

ఆపరేషనైంది, కుట్లు విప్పారు, వాపు దిగింది. అప్పటి నుంచి యార్డుకు కష్టాలు మొదలయ్యాయి. సేటుకు అన్నీ కనిపిస్తున్నాయి. దుకాణం కప్పుకు వేలాడే బూజు కనిపించింది, పెద్దులు పరేషానై నిచ్చెన ఎక్కాల్సి వచ్చింది. ఎదుటి దుకాణం ఆయన తలకు రంగు వేస్తాడని కనిపెట్టి పదిమందిలో చెప్పేశాడు. పాటలో కూర్చుంటే ఆయన చూపు ఎటు పోతుందో అందరికీ తెలిసిపోతోందని మొదట్లో బాధపడ్డాడు. తర్వాత అవతలివాళ్ల ముఖాలు తనకూ తెలుస్తున్నాయని సర్దుకున్నాడు. రజిత మాత్రం వారం రోజులు ఆ దుకాణం వైపు పోలేదు. పోతే ఆయన చూపు కూడా నుదుటి మీద పడి క్యాలెండరు మీదికి జారుతుంది. అది చూడాలని ఆమెకు లేదు.

సేటే ఫోన్ చేశాడు. "రేపు మిర్యాలగూడ పోతున్నం. తయారుగుండు. మా బావమరిది అందర్ని పిలిచిండు."

వంశీధర్ మిల్లు ఆఫీసు గదిలో ఏసీ వేసి కుర్చీలు బారుగా వేశారు. చుట్టుపక్కల మిల్లుల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. బయట మిల్లు హోరు, గాలిలో ఊక వాసన. రజిత ముందుకు వచ్చి నిలబడగానే జరగాల్సిందే జరిగింది. అందరి చూపులూ నుదుటి మీద పడ్డాయి, జారాయి, ఏసీ వైపు కొన్ని, టీపాయి మీది బిస్కెట్ల వైపు కొన్ని పోయాయి. ఆమెకు అలవాటే. గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయింది.

"ఆగు బిడ్డా" అన్నాడు సేటు. ముందు కుర్చీలోంచి లేచి వెనక్కి, అందరి వైపుకు తిరిగాడు.

"ఏంది గా దొంగసూపులు? అందరు ఒకపాలి ఆమె నుదురు మంచిగ సూడుండ్రి. సిన్నప్పుడు గంజి పడి కాలింది. నాకు కన్ను సక్కగ లేక గిన్నేండ్లు కనపడలే. మీకు దేవుడు మంచి కండ్లిచ్చిండు గద, సూడుండ్రి. సూసి ఖతం చేసుకుంటే, ఇగ ఆమె చెప్పేది ఇనొచ్చు."

"బావా" అన్నాడు వంశీధర్, గొంతు తగ్గించి. సేటు వినిపించుకోలేదు. తనే ముందు రజిత వైపు తిరిగి చూశాడు. రాశిలోంచి తీసిన వడ్లను చూసినట్టు నేరుగా, నిమ్మళంగా చూశాడు. ఆ చూపు క్యాలెండరు మీదికి జారలేదు. ఇక మిగతావాళ్లకు తప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు తలెత్తి చూశారు.

రజిత చెవులు వేడెక్కాయి. ఈ ముసలాయన గొంతు పిసికేయాలన్నంత కోపం వచ్చింది. బయటికి వెళ్లిపోదామనుకుంది. కానీ వెళ్లలేదు, ముఖం కూడా పక్కకు తిప్పుకోలేదు. ఇంతమంది ఒకేసారి, దాపరికం లేకుండా తన నుదుటిని చూడటం ఆమె బతుకులో అదే మొదటిసారి. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. కాసేపటికి వాళ్లకే విసుగొచ్చింది. వెనక వరుసలో ఒకాయన బిస్కెట్ అందుకున్నాడు. మరొకాయన "సూసినం సేటు, కూసో ఇగ" అన్నాడు. ఏ గదిలోనూ అంత తేలిక తనకు ఎప్పుడూ దొరకలేదని రజితకు ఆశ్చర్యంగా అనిపించింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

సేటు కూర్చున్నాడు. "ఇగ చెప్పు బిడ్డా" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆమె ప్రతిచోటా మొదట చెప్పేది ఆసుపత్రుల పేర్లు, గది కిరాయి, వచ్చే లాభాలు. ఈసారి అవన్నీ పక్కన పెట్టింది.

"ముందుగాల పాలసీల ఏమేమి రావో చెప్త సార్" అన్నది, చూపుడు వేలు తన నుదుటి మచ్చ మీద పెట్టి. "గీ మచ్చకు రాదు. పాలసీ కంటె ముందటిది, తీపిచ్చుకుంటే అందం కోసమే అంటరు. సేటు రెప్పలకు వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్త, జర దగ్గరికి జరుగుండ్రి."